గింజ కొరికే కోడలు, గోళీసోడా

ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ తినాల్సిన జొన్నల్ని మట్టిలో కుళ్ళబెట్టబోయిన ఘనురాలిని నేను. వరదొచ్చి కాదు, దొంగలు పడి కాదు, నా నోట్లో పళ్ళ వల్ల. చెబుతాను, ముందే నవ్వకండి.

గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి. అనుకున్నా నాకేం నష్టం లేదు. గురజాల పక్కన మా అత్తగారి ఊళ్ళో నా పళ్ళలాంటి పళ్ళు మగవాళ్ళకు కూడా లేవు. వక్క కొరకడానికి ఏనాడూ అడకత్తెర వెతికినదాన్ని కాను. అందుకే మా ఇంట్లో నాకొక పదవి ఉండేది. జొన్నలు పాతరలో, అంటే నేలలో తవ్విన గోతిలో, పోసి దాచుకునే రోజులవి. గింజ ఏ మాత్రం పచ్చిగా ఉన్నా గొయ్యి గొయ్యంతా బూజు పట్టి ఏడాది తిండి పోతుంది. కాబట్టి ముందు గింజ కొరికి చూడాలి. టక్కున పగిలితే ఆరినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. మా అత్త తన పళ్ళు ఊడిపోయాక ఆ పని నాకు అప్పగించింది. నా పన్ను టక్కుమంటేనే పాతర మూత తీసేవారు. కలెక్టరు సంతకానికి కూడా అంత విలువ ఉండేదో లేదో నాకు తెలియదు.

తెల్లవాళ్ళ యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లోనే మా మరిది గురజాల బజార్లో గోళీసోడా కొట్టు పెట్టాడు. బేరం లేని రోజున మిగిలిన సీసాలు, కోసిన నిమ్మచెక్కలు ఇంటికి తెచ్చేవాడు.

"వదినా, ఈ చెక్కలు రేపటికి పనికిరావు. పెంటమీద పారేసి వస్తా."

"పారేసేదానికా కొట్టు పెట్టింది? ఇట్టా తే. సోడా గూడా పొయ్యి."

"ఇయ్యన్నీ నువ్వే తాగుతావా ఏంది?"

"నేల తాగేకంటే నేను తాగేది మేలు గదా!"

మీరైతే గటగటా తాగేసేవారు. పొదుపు తెలిసినదాన్ని, నేనలా చేస్తానా? బుక్కెడు పోసుకుని, ఆ దవడ నుంచి ఈ దవడకు తిప్పి, బుడగలన్నీ చచ్చాక గానీ మింగేదాన్ని కాదు. ఒక్క సీసాతో పూట గడిచేది. అన్నం బాగా అరుగుతుందని ఊరంతా అనేవారు కూడాను. తాగాక నిమ్మచెక్కతో పళ్ళు రుద్దుకునేదాన్ని. చింతపండు పెట్టి రుద్దితే ఇత్తడి బిందె మెరుస్తున్నప్పుడు నిమ్మకు నా పళ్ళు ఎందుకు మెరవవు? ఆ వెంటనే కచ్చికతో, అదే కాల్చిన పిడక పొడితో, బిందె తోమినట్టే తోమేదాన్ని.

మెరిశాయి! కొన్నాళ్ళు ఊరికే పళ్ళు బయటపెట్టి తిరిగాను. తర్వాత మంచినీళ్ళు తాగితే జివ్వుమంది. గాలి పీలిస్తే జివ్వుమంది. అద్దంలో చూసుకుంటే ముందుపళ్ళ అంచులు ఉడికిన సగ్గుబియ్యంలా ఉన్నాయి, అవతలి వెలుగు ఇవతలికి కనిపిస్తోంది. మా ఆయన బండి కట్టి నరసరావుపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళారు. ఆమె నా నోరు చూసి కంగారు పడింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా అరుగుతున్నాయమ్మా?"

"శుభ్రంగా అరుగుతున్నయండీ. రాళ్ళు తిన్నా అరుగుతయ్."

"అయ్యో, ఇంత అరిగిపోతే ఎలా?"

"అరక్కపోతే గదండీ బాధ!"

"అమ్మా, నేననేది మీ పళ్ళ సంగతి!"

"నేను జొన్నన్నం సంగతి అనుకున్నానండీ."

మా ఆయన గోడవైపు తిరిగి పైపంచె నోట్లో కుక్కుకున్నారు.

డాక్టరమ్మ విడమరచి చెప్పింది. పంటిమీద గట్టి పెంకు ఉంటుందట. పులుపు తగిలితే అది మెత్తబడుతుంది. సోడాలోనూ పులుపుంది, నిమ్మ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. నోట్లో ఎంతసేపు నిలిస్తే అంత చేటు. మెత్తబడి ఉన్నప్పుడే తోమితే ఆ పెంకు కాస్తా లేచిపోతుంది.

"మళ్ళీ మొలవదా అండీ?"

"గోరా, వెంట్రుకా మొలవడానికి? ఉన్నది కాపాడుకోండి."

ఇంటికొచ్చి నోరు మూసుకున్నాను. అత్తకు తెలిస్తే పదవి పోదూ? ఇంతలో జొన్నలు పాతరలో పోసే రోజు రానే వచ్చింది. అత్త కళ్ళంలోంచి కేకేసింది.

"ఏమే, రా, గింజ కొరుకు. కూలోళ్ళు గంపలు పట్టుకోని నిలబడ్డారు."

గింజ పంటికింద పెట్టానో లేదో నడినెత్తిన నిప్పురవ్వ పడ్డట్టయింది. చటుక్కున దాన్ని బుగ్గలోకి తోసి, నాలుకతో అంగిట్లో కొట్టాను. టక్!

"ఆరినయ్ అత్తా."

"చానా గట్టిగా పగిలిందే! ఇంకోటి కొరుకు."

టక్!

కూలీలు గంపలు నెత్తికెత్తుకున్నారు. పాతర మూత మీద ఒకడి చెయ్యి పడింది. అత్త గుప్పిట ముందుకు చాచింది.

"మరి ఈ గింజ?"

టక్! "అదీ ఆరింది అత్తా!"

"గింజింకా నా గుప్పిట్లోనే ఉందిగదే!"

కళ్ళం కళ్ళమంతా ఘొల్లుమంది. ఎద్దులు కూడా నా వైపే చూసినట్టనిపించింది.

"డాక్టరమ్మ సంగతి నా పెద్దకొడుకు వచ్చిన రోజే చెప్పాడు లేవే. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తన్నా," అని అత్త మరిదిని పిలిచింది. "ఒరేయ్, నువ్వు కొరుకు."

వాడు కొరికాడు. చప్పుడే లేదు. "పచ్చిగా ఉన్నయమ్మా. మూత తియ్యమాకండి."

"సోడా అమ్మేవోడికి పళ్ళు గట్టిగున్నయ్, తాగినదానికి లేవు. నువ్వు తాగవురా?"

"అమ్మేది నేనే తాగితే లాభమేడుంటదే?"

అంత పొదుపు నాకూ తట్టలేదు చూడండి!

జొన్నలు మళ్ళీ ఎండబోశారు. తర్వాత పాతర తెరిస్తే ఒక్క గింజకూ బూజు లేదు. ఆ ఘనత ఎవరిది? నేను అబద్ధమాడకపోతే అత్త ఆ గుప్పిట చాచేది కాదు, మరిది కొరికేవాడు కాదు. కాబట్టి ఆ ఏడు ఇంటిల్లిపాదికీ తిండి పెట్టింది నేనే.

కళ్ళంలో గుట్టు బయటపడ్డనాడే పొయ్యి ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో నిమ్మసోడా కొనుక్కుని తాగను. ఎవరైనా ఊరికే ఇస్తే కాదంటే బాగుండదు గనుక, గుటుక్కున మింగేసి వెంటనే మంచినీళ్ళు పుక్కిలిస్తాను. ఆ నీళ్ళు కూడా వృథా పొయ్యను, కరివేపాకు మొక్క మొదట్లో ఉమ్మేస్తాను.