అలసిన రాయికి రెండో సాక

మా ఎదురు ఫ్లాట్‌లో వంటింటి గట్టు మారుస్తున్నారు. పొద్దున్నుంచి ఒకటే రొద. గ్రానైట్ పలకను మిషన్‌తో కోస్తుంటే, అది వేడెక్కిపోకుండా ఒకతను పక్కన కూర్చుని మగ్గుతో నీళ్ళు పోస్తున్నాడు. చెవులు చిల్లులు పడుతున్నాయి, తలుపైనా వేసుకుందామని విసుక్కుంటూ లేచినదాన్ని గుమ్మంలోనే నిలబడిపోయాను. వేడి రాయి మీద నీళ్ళు పడగానే లేచే వాసన ముక్కుకు తగిలింది. మట్టి వాసనను అందరూ మెచ్చుకుంటారు గానీ రాతి వాసనను పట్టించుకునేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం చిన్నతనం అంటే ఆ వాసనే.

పాతబస్తీలో, చాంద్రాయణగుట్ట వైపు పోయే దారిలో ఉండేది మా గల్లీ. ఒకరి గోడకు ఒకరి గోడ ఆనుకుని, ఒకరింట్లో తాలింపు వేస్తే నాలుగిళ్ళలో తుమ్ములు వినిపించేవి. లాడ్ బజార్ దుకాణాలకు గాజులు చేసి పంపే ఇళ్ళు కొన్ని ఉండటంతో పొద్దున్నే లక్క కరిగే వాసన వచ్చేది, దాని వెనకే మూలమీది హోటల్లో చాయ్ మరిగే వాసన. మా బాపు కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. సైకిల్ హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకుని చీకటితోనే పోయి, సాయంత్రం తిరిగొచ్చేసరికి చొక్కా వీపున చెమట ఉప్పు తెల్లటి చారలు కట్టి ఉండేది. గల్లీ దాటితే అన్నీ గుట్టలే. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పెద్ద పెద్ద బండలు. ఎండాకాలమంతా కాగి కాగి ఉన్న ఆ బండల మీద తొలకరి చినుకు పడితే, ఇందాక చెప్పిన వాసన గల్లీ మొత్తం కమ్ముకునేది. ఆ వాసన రావడమే ఆలస్యం, బొగ్గుల మీద మక్క కంకులు కాల్చేవాళ్ళు బండ్లు తోసుకుంటూ దిగేవాళ్ళు. ఇంట్లో అమ్మ మక్క గారెలు వేసేది. మేం నోరు కాలుతున్నా ఆగకుండా తినేవాళ్ళం.

గల్లీ మలుపులో, మా ఇంటి గోడ పక్కన, ఒక రాయి ఉండేది. మోకాలెత్తు ఉంటుంది, ఒక పక్కకు కాస్త ఒరిగి ఉంటుంది. అదే మా పోచమ్మ. గుడి లేదు, గోపురం లేదు, కళ్ళూ ముక్కూ చెక్కింది లేదు. మా నాయనమ్మ నర్సమ్మ మంగళవారం మంగళవారం ఆ రాయికి నీళ్ళు పోసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, చంటిపిల్లకు స్నానం చేయించినంత సేపు చేసేది. ఆషాఢంలో బోనాలొస్తే ఇంక ఆమెను పట్టలేం. కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, వేపరెమ్మలు కట్టి, లోపల బెల్లమన్నం పెట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన పెట్టుకుంటే, డప్పుల చప్పుడుకు ఆమె మోకాళ్ళ నొప్పులన్నీ ఎటు పోయేవో. రాయి ముందు ఆగి, చెంబులోని పసుపునీళ్ళు, వేపాకు కలిపిన సాక నేల మీద పోసేది. చల్లగా చూడు తల్లీ అని భూమికి తాగించడం అన్నమాట. ఇంట్లో కల్లు తాగే మగవాళ్ళను కూడా ముందు కాసిని చుక్కలు నేల మీద వదలనిదే సీసా ఎత్తనిచ్చేది కాదు.

ఈ రాళ్ళ మధ్యకు ఎక్కడో భూగోళం అవతల, దక్షిణ అమెరికా కొండల్లో ఒకప్పుడు రాజ్యమేలిన ఇన్కాలను తీసుకొచ్చినవారు దేవదానం సార్. మా బడిలో సోషల్ చెప్పేవారు, మా గల్లీ చివరే కాపురం. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో తవ్వకాలు మొదలుపెట్టేవారు. ఒకసారి అట్టలేని రంగుల పత్రిక ఒకటి దొరికింది. మబ్బుల్లో వేలాడుతున్న రాతి ఊరు, మెట్లు మెట్లుగా పొలాలు, గోడలో సందు లేకుండా అమరిన బండలు. ఆ ఏడు పాఠాల్లో ఉన్నవి ఉన్నట్టే పక్కన పెట్టి, సార్ మాకు ఇన్కాల లోకం విప్పి చూపించారు. సూర్యుడి పేరు ఇంతి. రాజు ఆయన కొడుకే. చంద్రుడు అక్కడ మగవాడు కాదు, అమ్మ. గ్రహణం పడితే పెద్దపులిలాంటి జంతువేదో ఆ అమ్మ మీద పడిందని ఊరంతా డబ్బాలు వాయించి, కుక్కల్ని కూడా అరిపించేవాళ్ళట. భూమి పేరు పచమామ. మక్కలతో కాచిన కల్లు తాగేముందు ఆమెకు నేల మీద కొంచెం పోయాల్సిందే. ముసలివాళ్ళ పొలం, దిక్కులేని ఆడవాళ్ళ పొలం ఊరంతా కలిసి దున్నిన తర్వాతే తమ పొలాల్లోకి దిగేవాళ్ళని చెప్పినప్పుడు సార్ గొంతు ఎందుకో తగ్గిపోయేది.

మాకన్నిటికంటే నచ్చింది యుద్ధం కథ. శత్రువులు రాజధానిని చుట్టుముట్టినప్పుడు, చుట్టూ ఉన్న రాళ్ళు లేచి సైనికులై కొట్లాడి, గెలిచాక మళ్ళీ రాళ్ళైపోయాయట. ఇంకేం, మా గుట్టల మీది బండలన్నిటికీ పేర్లు పెట్టేశాం. అప్పటిదాకా పెంకులు పేర్చి బంతితో కొట్టే లింగోచ ఆడేవాళ్ళం, ఇప్పుడు ఆ పెంకులు కూడా సైన్యమే. గాజుల భట్టీ వాళ్ళ పిల్లలు ఒక పక్క, మేం ఒక పక్క. ఎవరు ఓడినా బండలు లేచి వస్తాయనే ధైర్యం ఇద్దరికీ ఉండేది కాబట్టి ఆట ఎప్పటికీ తేలేది కాదు, లొల్లి మాత్రం సంజెదాకా సాగేది.

విన్నదంతా ఇంటికొచ్చి ఒప్పజెప్పడం నా అలవాటు. బాపు సగం నిద్రలో వినేవాడు. బంగారం సూర్యుడి చెమట అని ఆ దేశంలో అంటారట బాపూ అన్నప్పుడు మాత్రం కళ్ళు తెరిచి, తన చొక్కా వీపు ఒకసారి చూసుకుని నవ్వాడు. నాయనమ్మకు మాత్రం అన్నీ అనుమానాలే. ఆ ఊరు మా పెద్దలు వలస వచ్చిన పాలమూరుకు ఇవతలనా అవతలనా అని అడిగేది. మక్కలు, మిరపకాయ, ఆలుగడ్డ మనకు ఆ వైపు నుంచే వచ్చాయట అంటే నమ్మడానికి వారం పట్టింది. నమ్మాక మాత్రం, గట్లయితే మనం వాళ్ళ ఉప్పు తిన్నట్టే గద అని తీర్మానం చేసేసింది.

అంతలో ఇంట్లోనే పేచీ వచ్చింది. అంతకుముందు బోనాలకు బాపు ఫ్యాక్టరీ దోస్తులు భోజనానికి వస్తే, అందులో ఒకాయన మలుపు దగ్గర ఆగి బాపుతో, ఏం యాదగిరీ, దేవత ఏదయ్యా, రాయే కనబడుతున్నది అని నవ్వాడట. అది బాపు గుండెలో ముల్లులా దిగబడింది. ఈసారి గల్లీలో సిమెంటు రోడ్డు వేస్తున్నారు. అదే అదనుగా బట్టల దుకాణం మాణిక్యం సేటు నలుగురినీ కూడగట్టి, పాత రాయిని పెళ్ళగించి మూసీలో వదిలేద్దాం, ఆ చోట స్లాబు వేసి పాలరాతి విగ్రహం పెడదాం, ఖర్చు నాది అన్నాడు. ముందుగా తలూపింది మా బాపే.

నాయనమ్మ అరవలేదు, ఏడవలేదు. బాపుకు అన్నం వడ్డిస్తూ ఒకే ఒక్క మాట అంది.

"రాయి లేస్తే నేనూ లేస్త కొడకా. దాన్ని పట్టుకొని పాలమూరుకు పోత."

ఆ మాట ఉత్తుత్తిది కాదని మాకందరికీ తెలుసు. మర్నాటి నుంచి ఆమె ట్రంకు పెట్టెలో చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. నాకు అన్నం సయించేది కాదు. బడి నుంచి రాగానే ముందు ఆ పెట్టె ఇంకా ఇంట్లోనే ఉందో లేదో చూసుకునేదాన్ని.

ఒకరోజు సాయంత్రం ఆమె గడపలో కూర్చుని మక్కలు ఒలుస్తుంటే, కొంచెం నవ్వుతుందేమోనని, ఆ రోజే సార్ చెప్పిన అలసిన రాయి కథ ఎత్తుకున్నాను. కోట కట్టడానికి వేలమంది తాళ్ళు కట్టి ఒక పెద్ద రాయిని కొండలమీదుగా లాక్కొస్తున్నారట. కోట ఇంకా దూరముండగానే ఆ రాయి అలసిపోయి, ఇంక నడవలేనని కూర్చుండిపోయి, కళ్ళ వెంట నెత్తురు కార్చిందట. దాన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. అక్కడే వదిలేసి, అలసిన రాయి అని పేరు పెట్టుకుని మొక్కారట. నాయనమ్మ చేతిలోని కంకి అలాగే ఉండిపోయింది. మనదీ గంతే బిడ్డా అంది.

అప్పుడు విన్నాను ఆ రాయి సంగతి మొదటిసారి. ఆమె అత్త కరువులో పాలమూరు నుంచి పనికోసం పట్నం బయల్దేరినప్పుడు ఇంటి పోచమ్మను బండిలో గడ్డి మీద పడుకోబెట్టి తెచ్చుకుందట. ఇక్కడికి రాగానే ఎద్దు కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. అత్త రాయిని దించి నేల మీద ఆనించి, తల్లీ నువ్వూ అలిసినవు, మేమూ అలిసినం, ఇగ ఈడనే ఉందం అందట. ఒరిగి ఉన్న ఆ రాయిని ఎవరూ సరిచేయకపోవడానికి కారణం అదే. పండుకున్న తల్లిని లేపుతరా అంది నాయనమ్మ.

ఆదివారం పొద్దున జనం గుమిగూడారు. బాపు చేతిలో గడ్డపార. నాయనమ్మ ట్రంకు పెట్టె తెచ్చి రాయి పక్కన పెట్టుకుని, దాని మీదే కూర్చుంది. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా, మెల్లగా ముందు ఆ దేశపు రాయి కథ, తర్వాత తన అత్త కథ చెప్పింది. మాణిక్యం సేటు నవ్వి, ముసల్ది పుట్టిచ్చి చెప్తున్నదా, ఏ పుస్తకంలనన్న ఉన్నదా అన్నాడు. చర్చికి బయల్దేరి అటే వస్తున్న దేవదానం సార్‌ను ఎవరో ఆపి అడిగారు. సార్ మళ్ళీ ఇంటికి పోయి ఆ పత్రిక తెచ్చి, పేజీ తీసి బాపు ముందు పట్టుకున్నారు. ఆ బొమ్మలో కొండరాయి ఎలా ఉన్నదో అలాగే ఉంది. దాని వంపుల వెంట వంగుతూ గోడ పోయింది.

"రాయిని కదపలే యాదగిరీ. గోడనే రాయికి తగ్గట్టు తిప్పిండ్రు," అన్నారు. ఆ బొమ్మ మీద వేలు ఆనించి మళ్ళీ అన్నారు. "తర్వాత సముద్రం దాటొచ్చినోళ్ళు గిసుంటి రాళ్ళు మస్తు పలగ్గొట్టిండ్రు. నా దేవుని పేరు చెప్పే పలగ్గొట్టిండ్రు. గందుకే నేను సూస్కుంట పోలేకపోతున్న."

బాపు ఆ బొమ్మను చూశాడు, రాయిని చూశాడు, పెట్టె మీద కూర్చున్న తల్లిని చూశాడు. గడ్డపార గోడకు ఆనించి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు.

"అవ్వా, నువ్వెటూ పోకు. గుడే పక్కకు జరుగుతది," అన్నాడు.

సేటు కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాడు గానీ, సిమెంటు మాత్రం ఆయనే ఇచ్చాడు. మా పోచమ్మ ఒరుగు ఎలా ఉందో ఆ ఒరుగు వెంటే వంకరగా ఒక చిట్టి గోడ లేచింది. పక్క గల్లీవాళ్ళు వంకర గుడి అని వెక్కిరించారు. ఆ బోనాల్లో నాయనమ్మ సాక పోసి, వెనక్కి తిరగకుండా చెంబు మళ్ళీ వంచింది. ఇదెవరికి అని అడిగితే, "ఆ దేశపు అలిసిన తల్లికి. అన్నీ పలగ్గొట్టిండ్రట గద, ఇప్పుడు పోసేటోళ్ళు ఎవరున్నరు పాపం," అంది. ఆ పూట సార్ ఇంటికి బెల్లమన్నం నా చేతే పంపింది. నైవేద్యం పెట్టకముందే విడిగా తీసిపెట్టిన అన్నం అది, సార్ తినడానికి మనసులో ఏ అడ్డూ ఉండకూడదని. ఆ సంగతి చెబితే సార్ గిన్నె అందుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంత మంచివాళ్ళ మధ్య పెరిగానా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ గుట్టలు లేవు. మందు పెట్టి పేల్చి, కంకర చేసి, ఆ చోట కాలనీలు కట్టారు. మేం పేర్లు పెట్టుకున్న సైనికులు ఒక్కరూ లేచి రాలేదు. గల్లీలో లక్క వాసన లేదు, లింగోచ ఆడే పిల్లలు లేరు. సార్ పోయారు, బాపు పోయాడు. నాయనమ్మ నేను డిగ్రీ చదివే రోజుల్లోనే పోయింది. గుడి గోడకు టైల్స్ అతికించారు గానీ వంకర అలాగే ఉంచారు. ప్రతి ఆషాఢంలోనూ వెళ్ళి, ఆమె లాగే రెండు సాకలు పోసి వస్తాను.

ఈ ఏడు బోనాలకు కొద్దిరోజుల ముందు మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఆ కొండల ఊళ్ళో సూర్యుడి పండుగ అట. ఎర్రటి ఉన్ని బట్టలు కట్టుకున్న జనం వీధుల నిండా ఉన్నారు. చూడటానికి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చారు. ఒక పక్కన మా నాయనమ్మ ఈడు ముసలామె, చెక్క గిన్నెలో మక్కల కల్లు పట్టుకుని, తాను తాగకముందు మెల్లగా నేల మీదకు వంచింది. చిన్నపిల్లలు ఆమె చుట్టూ చేరి తమ గిన్నెలు కూడా వంచారు. నాకు ఏడుపు ఆగలేదు. అన్నేళ్ళు మా నాయనమ్మ ఎవరూ లేరని జాలిపడ్డ ఆ తల్లికి ఇంటినిండా పిల్లలున్నారు. ఎవరు ఎన్ని రాళ్ళు పగలగొట్టినా వాళ్ళు పోయడం మానలేదు. ఈ సంగతి సార్‌కు తెలియలేదేమో, తెలిసుంటే ఆ రోజే వచ్చి నాయనమ్మకు చెప్పేవారు.

బోనాల నాడు మొదటి సాక పోసి, చెంబు రెండోసారి వంచుతూ, పక్కవాళ్ళు వింటారని కూడా చూడకుండా చెప్పేశాను.

"వాళ్ళకు మనుషులున్నరు నాయనమ్మా. నువ్వు రంది పెట్టుకోకు."

చెంబులో మిగిలిన నీళ్ళు కూడా అక్కడే పోసి ఇంటికొచ్చాను.