లావు అంచు ఎటువైపు

బెంగాల్లో స్థిరపడ్డ మా నాన్న షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బాగుచేసిన బండిని సొంతదారుకి అప్పగించే ముందు మా ఇంటి మనిషి ఒకరు అందులో కూర్చుని ఓ చుట్టు తిరిగి రావాలి. "మన పిల్లని ఎక్కించలేని బండిలో ఊరోళ్ల పిల్లనెలా ఎక్కిస్తాం?" అంటాడు నాన్న. నా చిన్నప్పుడు ఆ పని అమ్మది. సంచీ పట్టుకుని ఎక్కి, దారిలో ఖిదిర్‌పూర్ బజారులో బండి ఆపించి వంకాయలు కూడా కొనుక్కొచ్చేది. అమ్మకి మోకాళ్లు పట్టేశాక అది నా వంతైంది.

నాకది శిక్షే. నేను వీధిలో గోడ వారగా నడిచే మనిషిని. కాలేజీ బస్సులో మొహానికి పుస్తకం అడ్డం పెట్టుకుంటాను. అంబాసిడర్లూ వ్యాన్లూ అయితే లోపల ఒదిగిపోవచ్చు. ఆసారి వచ్చింది పైకప్పు లేని జీపు. పైగా ఎత్తు పెంచిన జీపు.

దాని సొంతదారు ఏక్‌బాల్‌పూర్‌లో ఉండే బెంగాలీ పెద్దమనిషి. పురూలియా కొండల్లో పిట్టల్ని చూస్తూ తిరుగుతుంటాడు. వాగుల్లో రాళ్లు బండి కడుపుకి కొడుతున్నాయట, పైకి లేపమన్నాడు. బండి అందుకున్న మర్నాడు పొద్దున్నే భార్యనీ కూతుర్నీ ఎక్కించుకుని బయల్దేరాలి.

నాన్న రెండు ఇరుసుల కిందా ఉన్న కమాన్లని, అంటే స్ప్రింగు పట్టీల్ని, ఇరుసుల పైకి మార్చాడు. దాంతో బండి బెత్తెడుకి పైగా లేచింది. లేపడం పెద్ద పని కాదనీ, అసలు పని ఇరుసు వాలుని చూసుకోవడమనీ నాన్న నాకు చాలాసార్లు చెప్పాడు. సైకిల్ ముందు చక్రం పట్టుకునే కడ్డీలు నిట్టనిలువుగా ఉండవు, వెనక్కి వాలి ఉంటాయి. అందుకే చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోతుంది. జీపు ముందు ఇరుసూ అలా కాస్త వెనక్కి వాలి ఉండాలి. ఉంటే, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తనే తిన్నగా అవుతుంది. లేకపోతే బండి తాగినవాడిలా అటూ ఇటూ పోతుంది. ఎత్తు పెంచినప్పుడు ఆ వాలు పోతుంది కాబట్టి ఇరుసుకీ కమానుకీ మధ్య ఒక ఇనప బిళ్ల పెడతారు. బిళ్లకి ఒక అంచు లావు, రెండో అంచు పలచన.

ఆ ఉదయం జీపు ఎక్కడానికి నాకు స్టూలు వేయాల్సొచ్చింది. ఎక్కి కూర్చుంటే టీకొట్టు రేకు కప్పు నా భుజాల ఎత్తుకొచ్చింది. చున్నీ తలమీదికి లాక్కున్నాను. దాంతో వీధిలోవాళ్లు ఇంకా ఎక్కువ చూశారు.

ఓడరేవు గోడ వెంబడి కొంతదూరం బాగానే పోయింది. మొదటి మలుపు దగ్గర పార్టీ కుర్రాళ్లు సాయంత్రం మీటింగుకి ఎర్రజెండాలు కట్టి, కుర్చీలు వేస్తున్నారు. నన్ను చూసి ఒకడు బెంగాలీలో అరిచాడు. "దీదీ, ఏ పార్టీ తరఫున నిలబడ్డారు?"

నేను ఒళ్లో చేతులు చూసుకుంటున్నాను. నాన్న మలుపు తిప్పాడు. స్టీరింగు వెనక్కి రాలేదు. తిప్పిన వైపే ఇంకా తిరగబోయింది. నాన్న రెండు చేతులతో లాగేలోపు జీపు కుర్చీల మీదికి ఎక్కింది. కుర్రాళ్లు గెంతారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ నాలుగైదు కుర్చీలు విరిగాయి.

"మీటింగు మొదలవకముందే ప్రతిపక్షం వచ్చేసిందిరా!" అన్నాడు ఇందాకటివాడు. వీధంతా నవ్వింది.

"ఏటైంది నాన్నా?" అన్నాను మెల్లగా.

"కొత్త టైర్లు కదమ్మా. అలాగే ఉంటాది. నువ్వు కూకో."

తిరుగుదారంతా ఆయన స్టీరింగుని విడవకుండా బిగించి పట్టుకునే ఉన్నాడు. చేతుల మీద నరాలు తేలాయి. అది టైర్ల పని కాదని నాకు తెలుస్తూనే ఉంది. నాకు తెలిసిందని ఆయనకీ తెలుస్తోందనిపించింది.

షెడ్డు దగ్గర పెద్దమనిషి టీ తాగుతూ నిలబడి ఉన్నాడు. నాన్న కిందికి దూకి, "బండి ఫస్ట్ క్లాస్, దాదా. రోడ్డే గుంతలు" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

పెద్దమనిషి తలెత్తి నన్ను చూసి, కూతుర్ని పిలిచినట్టు పిలిచాడు. "మామణీ, నువ్వు కూర్చున్నావుగా. ఎలా ఉంది?"

మా ఇంట్లో చెప్పకుండానే అందరం పాటించే పద్ధతి ఒకటుంది. ఎదుట ఎవరున్నా సరే, లోపాలేవైనా ఉంటే మాలో మేం తెలుగులో అనుకుంటాం. బయటికి వెళ్లాల్సింది మాత్రం బెంగాలీలో వెళుతుంది. నేను నాన్నతో తెలుగులో ఒక్క మాట అనుంటే సరిపోయేది. కానీ పెద్దమనిషి అడిగింది బెంగాలీలో. నా కళ్ల ముందు కొండ మలుపూ, వెనక సీట్లో ఆయన కూతురూ కనిపించారు. జవాబు అదే భాషలో, బాబాయికి చెప్పినట్టు వచ్చేసింది.

"స్టీరింగు వెనక్కి రావడం లేదు కాకూ. ఇలా వద్దు, తీసుకెళ్లకండి."

నా గొంతు అంత గట్టిగా లేస్తుందని నాకే తెలీదు. టీకొట్టతను, బెంచీ మీద కూర్చున్నవాళ్లు, పక్క షెడ్డులో వెల్డింగు చేసేవాడు, అందరూ విన్నారు.

"అరే మిస్త్రీ, ఇన్‌స్పెక్టర్ మీ ఇంట్లోనే ఉందే!" అన్నాడు టీకొట్టతను.

అందరితో పాటు నాన్న కూడా నవ్వాడు. అలా నవ్వకుండా నన్నొక దెబ్బ వేసుంటే బాగుండుననిపించింది. స్టూలు ఎవరో తీసేశారు. దిగలేక, జీపు మీదే అందరికీ కనిపిస్తూ కూర్చుండిపోయాను.

కాసేపటికి నాన్న గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. తర్వాత కింద నుంచి ఆయన నుదురు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. బయటికొచ్చి పెద్దమనిషికి బెంగాలీలోనే చెప్పాడు. కమాను ఇరుసు కింద ఉంటే బిళ్ల లావు అంచు ముందుకి పెట్టాలి. ఇన్నేళ్లూ అలాగే పెట్టాడు. కమాను పైకి మారితే లావు అంచు వెనక్కి తిరగాలి. కమాన్లని మార్చాడు గానీ బిళ్లలు పాత అలవాటున ముందుకే పెట్టేశాడు. వాలు పెరగలేదు సరికదా, ఉన్నదీ పోయింది.

"నా చెయ్యి చేసిన తప్పు, దాదా" అన్నాడు చివర్లో. పెద్దమనిషి, "పట్టుబడింది కదా, చాలు" అని ఇంకో టీ చెప్పాడు. వాళ్లిద్దరికీ అక్కడితో అయిపోయింది. నాకు అవలేదు.

బిళ్లలు తిప్పి బిగించాక ఎండ వాలుతుండగా నాన్న స్టూలు తెచ్చి మళ్లీ నా ముందు వేశాడు. ఎక్కాను. మలుపు దగ్గర కుర్రాళ్లు మమ్మల్ని చూడగానే తలా ఒక కుర్చీ ఎత్తిపట్టుకుని గోడకి అతుక్కున్నారు. నాన్న మలుపు తిప్పి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. స్టీరింగు మెల్లగా, తనంతట తనే తిన్నగా అయింది.

"వచ్చింది నాన్నా" అన్నాను తెలుగులో, ఆయనకి మాత్రమే వినిపించేలా.

నాన్న షెడ్డు దగ్గర బండి ఆపి, పెద్దమనిషితో, "నన్నడక్కండి, మా పిల్లనే అడగండి" అన్నాడు. బెంచీ మీదివాళ్లు మెడలు తిప్పారు. "స్టీరింగు తిరిగొస్తోంది కాకూ" అన్నాను బెంగాలీలో.

"గట్టిగా సెప్పమ్మా" అన్నాడు నాన్న తెలుగులో. "పొద్దున సెప్పినంత గట్టిగా."

గట్టిగా చెప్పాను. చెవులు మండిపోయాయి.

ఇంటికి నడుస్తున్నప్పుడు నాన్న ముందు, నేను వెనక. సందు మొదట్లో ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ముందు నాకు సెప్పాల. నేను ఇనకపోతే అప్పుడు ఊరికి సెప్పు."

"అలాగే నాన్నా" అన్నాను. మలుపు దగ్గర నేనడిగినప్పుడు "కూకో" అన్నది ఆయనేనని గుర్తొచ్చింది గానీ అనలేదు.

ఆ రోజు డైరీలో ఎండ కాసిందని తప్ప ఇంకేమీ రాయలేకపోయాను. అన్నాలప్పుడు అమ్మ నా కంచంలో చేప ముక్క వేస్తూ, "జీపెలాగుందే?" అని అడిగింది. నేను ముందు నాన్న వైపు చూశాను. ఆయన తలొంచుకుని ముల్లు తీసుకుంటున్నాడు.