అమ్మే కారు, దున్నే ఎద్దు

మా కంపెనీ కార్లు అమ్ముతుంది, పందేలకూ పంపుతుంది. ఆ పందెం కార్ల బ్రేకులు చూసే ఇంజనీరును నేను. ఈ మాట మైదుకూరు వైపు మా చుట్టాలకు చెప్పినప్పుడల్లా వాళ్ళు అడిగేది ఒకటే, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని. ఆడపిల్ల బ్రేకులు చూడడమేమిటని మొహం మీదే నవ్విన పెద్దమనిషి కూడా ఉన్నాడు. కారెక్కిన ప్రతిసారీ నా బోటివాళ్ళ చేతిలోనే ప్రాణం పెడుతున్నావని ఆయనకు చెప్పి వచ్చాను. అడగాల్సిన ప్రశ్న అడిగింది మా నాయన ఒక్కడే.

అప్పుడు నాయన మంచంలో ఉన్నాడు. వాన పడ్డ రోజు గట్టు మీద జారి తుంటి ఎముక విరిగితే, కడపలో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాం. నేను సెలవు పెట్టి వచ్చాను. పొద్దుగుంకులూ పైకప్పు చూస్తూ పడుకోవడం ఆయన వల్ల కాలేదు. అందరినీ కసురుకునేవాడు. ఊరుకుంటాడేమోనని ఒక మధ్యాహ్నం మా జట్టు పందెం వీడియో ఫోనులో పెట్టి చేతికిచ్చాను.

"పాపా, ఈ కారు నేను చూసినానే. ఆసుపత్రి కాడ పెద్ద డాక్టరుది నిలబెట్టి ఉన్న్యారు."

"అదే నాయినా. లోపల సీట్లు పీకేసి, చుట్టూ ఇనుప కమ్మీలు బిగించినాం. డొక్కా అదే, ఇంజనూ అదే."

"మరి ముందర పోయేవి? చేప మాదిరి ఉండాయే?"

"అవి వేరే తరగతి. పందేనికనే పుట్టించినవి. ఏ షోరూములోనూ దొరకవు."

ఆయన ఫోను గుండెల మీద పెట్టుకుని నా వైపు తిరిగాడు. "అట్లాంటివి చేసే తెలివి ఉండాది గదా మనుషులకు. మీరు అంగట్లో అమ్మే కారు ఏంటికి తోలుతాండారు, ఓడిపోనీకా?"

దీనికి మా ఆఫీసులో పెద్ద పెద్ద స్లైడ్లు వేసి జవాబు చెబుతారు. నాకు మాత్రం మా ఊరి తిరునాళ్ళే గుర్తొచ్చింది. ఎద్దులు బండ లాగే పోటీలు మా దగ్గర రకరకాలుగా పెడతారు. పెద్ద విభాగంలో వచ్చేవి గుడ్లు, బాదంపప్పు తిని పెరిగిన ఎద్దులు. వాటికి చేను అంటే ఏమిటో తెలియదు. సేద్యపు ఎద్దులకు వేరే విభాగం. ఆ ఏడు మడక లాగి చేను దున్నినవే అందులోకి రావాలి. మా నాయన బతుకంతా ఆ విభాగంలోనే ఉన్నాడు. కోడెలను తెచ్చి, కాడి అలవాటు చేసి, రైతులకు అమ్మడం ఆయన పని. ఇంట్లో ఉంచుకున్న జతను మాత్రం ఎవరెంత అడిగినా ఇచ్చేవాడు కాదు. అది తిరునాళ్ళలో బండ లాగాలి.

"నీ జత గెలిస్తే జనం మన కొట్టానికి ఏంటికి వస్తారు నాయినా? ఆ జతను నువ్వు అమ్మవు గదా," అన్నాను.

"అదే చేతి కింద పెరిగిన కోడెలు ఉంటాయని వస్తారు. గెలిచినందుకు కాదు పాపా, దున్నే ఎద్దు గెలిచినందుకు వస్తారు." అని, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ఓహో. మీదీ అదే కతనా?"

చాలావరకు అదే కథ అని చెప్పాను. పందెంలో చూసిన కారు తన వాకిట్లో ఉన్న కారుకు అన్నో తమ్ముడో అని మనిషికి అనిపించాలి. పందేనికనే ఒక కారు మొదటినుంచీ పుట్టించాలంటే కంపెనీలే కుదేలవుతాయి. ఇక్కడ సగం పని ఫ్యాక్టరీలో ముందే అయిపోయి ఉంటుంది. అదే పందెం కారును సొంత జట్లున్న షావుకార్లకు కూడా అమ్ముకోవచ్చు. నా మటుకు నాకు బ్రేకులే కారణం. ట్రాకు మీద గంటల తరబడి తొక్కితే చక్రం లోపలి బిళ్ళ కొలిమిలో ఇనుములా ఎర్రబడుతుంది. అక్కడ ఏది ఎట్లా పగిలిందో చూసి, కడప డాక్టరు తొక్కే బ్రేకును మారుస్తాం. ఇవన్నీ ఆయన బుద్ధిగా విన్నాడు. ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. రకరకాల కంపెనీల కార్లు సరిసమానంగా పోవాలని, మరీ ముందుకు పోయే కారుకు అదనంగా బరువు ఎక్కిస్తారని చెప్పగానే మండిపడ్డాడు.

"గెలిచేదానికి బరువా? మా బండ ఎవురికైనా ఒకటే బండ!"

నేను సమర్థించబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాను.

ఆ పూట మా అన్న గడపలో కూర్చుని ఉన్నాడు. నాయనను లేపి కూర్చోబెట్టడానికి వచ్చిన పక్క చేను రైతు కూడా అక్కడే ఉన్నాడు. చర్చి వెనక గుట్టవారగా చిన్న చేని చెక్క అతనిది. ట్రాక్టరు తిరగని చోటు. ఉన్న రెండెద్దుల్లో ఒకటి చచ్చిపోయి, ఎద్దును బదులు అడుక్కుంటూ సాగు చేస్తున్నాడు. వాళ్ళు వింటున్నారని నేను ఇంకాస్త రెచ్చిపోయి చెప్పాను. జనానికి నిజంగా అమ్మే కారైతేనే మా తరగతిలోకి రానిస్తారు. అందుకని వెనకటికి కొన్ని కంపెనీలు రూలు కోసం కొన్నంటే కొన్ని కార్లు చేసి, ఇదిగో అంగడి కారు అని చూపించి పందెంలో దించేవి.

"అంటే సాక్ష్యానికి నాలుగు చేసి పడేస్తే సాలన్నమాట," అని అందరికంటే గట్టిగా నవ్వింది మా అన్నే.

తిరునాళ్ళ దగ్గరపడింది. నాయన కర్ర పట్టుకుని వాకిట్లో తిరగడం మొదలుపెట్టాడు. ఫిజియోథెరపీ చేయించే పిల్ల చెబితే విననివాడు, తిరునాళ్ళకు నడిచి పోవాలని తనంతట తానే పళ్ళు బిగించుకుని అడుగులు వేశాడు. ఆయనకు మిగిలిన ఆశ అదొక్కటే, తన జత ఇంకొక్కసారి బండ లాగడం కళ్ళతో చూడాలని. ఎద్దులకేం, ఉలవలు తిని నిగనిగలాడుతున్నాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఆ ఏడు మా చేనంతా అన్న బాడుగ ట్రాక్టరుతో దున్నించాడు. తొలి దుక్కికి ముందే నాయన పడ్డాడు, అప్పటినుంచి ఆ మెడల మీద కాడి పడలేదు.

మా ఊళ్ళో ఈ విభాగానికి ఒక కట్టడి ఉంది. బండకు కట్టేముందు ఎద్దులవాడు పెద్దమనుషుల ఎదుట కాడి మీద చెయ్యి పెట్టి, "ఈ ఏడు వీటితో సేద్యం చేసినా" అనాలి. అంతకుమించి తనిఖీ లేదు. మా పందేల్లో కొలతలు తీసేవాళ్ళు కారు కింద దూరి మరీ చూస్తారు. ఇక్కడ మాటే తనిఖీ. కాడి మీద చెయ్యి పెట్టి ఎవరూ అబద్ధం ఆడరని నమ్మకం.

తిరునాళ్ళ ముందురోజు అన్న ఆ జతకు కాడి కట్టి, బావి పక్క మడిలో పొద్దున్నుంచి సాయంత్రందాకా మడక తోలాడు. అది ట్రాక్టరు ఎప్పుడో దున్నేసిన మడే. ఒళ్ళంతా మట్టితో వచ్చి, "దున్నినాయి నాయినా. రేపు దిగులు లేకుండా చెయ్యి పెట్టు," అన్నాడు. నాయన అన్న మొహం చూడకుండా ఎద్దుల మెడల మీది మట్టి దులిపాడు. నాకు మాత్రం సంతోషమైంది. రూలు ప్రకారం అంతా సరిపోయిందనిపించింది.

మర్నాడు నాయన కర్రతో నడిచే వచ్చాడు. జనం దారి ఇచ్చారు. మా ఎద్దులు కుంకుమ బొట్లతో, కాడి కింద మెడలు వంచి నిలబడ్డాయి. పెద్దమనిషి మైకు పక్కకు పెట్టి, "చెయ్యి పెట్టప్పా," అన్నాడు. నాయనతో కలిసి కోడెల సంతలు తిరిగిన స్నేహితుడు ఆయన.

నాయన కాడి మీద చెయ్యి పెట్టాడు. ఆ మాట అనకుండా ఎద్దుల వైపు తిరిగాడు. కర్ర మీదికి ఒరిగితే నొప్పేమోనని దగ్గరికి పోయాను. నన్ను తోసేశాడు.

"ఇవి నిన్న ఒక దినం దున్నినాయి," అన్నాడు. "మాట కోసరం దున్నించినాం. అంతకుముందు కొట్టంలో తిని పండుకున్న్యాయి."

"నిన్నయితే ఏమప్పా, ఏడు లోపలే గదా? నీ మాట కాదనేటోడు యాడుండాడు ఈడ?"

"ఎద్దులకేం, శానా బాగుండాయి. ఈ పొద్దు కట్టినా లాగుతాయి." నాయన కాడి మీద నుంచి చెయ్యి తీసేశాడు. "సేద్యగాడే లేడప్పా."

అంతవరకూ కాడి మీద చెప్పే ఆ మాట ఎద్దుల గురించి అనుకున్నాను. అది చెయ్యి పెట్టినవాడి గురించి. ఆయన మళ్ళీ మడక పట్టలేడని డాక్టరు నాకు ముందే చెప్పాడు. ఆయనకు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. దాన్ని తనే ఊరందరి ముందూ చెప్పుకున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. అన్న తలెత్తలేదు. పెద్ద విభాగంలోనైనా రాయమంటావా అని పెద్దమనిషి మెల్లగా అడిగాడు. ఏ విభాగమూ వద్దని, ఎద్దులను ఇంటికి తోలమన్నాడు నాయన.

ఇంటికి పోయాక మంచం ఎక్కలేదు. కొట్టం ముందు నిలబడి, పక్క చేను రైతును పిలిపించాడు. అతను పరుగున వచ్చాడు, ఏదో పనికి పిలిచారనుకుని.

"గుట్టవార చెక్క ఈ ఏడు దున్నినావా?"

"యాడ దున్నేది పెద్దాయనా. ఎద్దు దొరికితే గదా."

నాయన రెండు ఎద్దుల మెడలూ నిమిరాడు, మొదట దాపటిది, తర్వాత వలపటిది. పగ్గాలు విప్పి అతని చేతుల్లో పెట్టాడు. అతను తీసుకోవాలో వద్దో తెలియక మా అన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"పట్టుకోప్పా," అన్నాడు నాయన. "వచ్చే తిరునాళ్ళకు చెయ్యి నువ్వు పెట్టు."