దరియాలతిప్ప గట్టున కొబ్బరి పీచు

ఒక వేసవి మొదట్లో నన్ను అసిస్టెంట్ ఇంజనీరుగా యానాం బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసులో సగానికి పైగా కాలువల మీదా లాకుల మీదా గడిచిపోయింది. చేరిన కొద్దిరోజులకే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు పిలిచి, దరియాలతిప్ప వైపు గోదావరి గట్టు కోసుకుపోతోందని చెప్పారు. అక్కడి మెత్తటి నేల రాతి కట్టుబడి బరువు మోయదట. కొబ్బరి పీచు వల పరిచి, దాని సందుల్లో వట్టివేరు గడ్డి నాటించమన్నారు. పని మంజూరు చేసి జవాబు చెప్పుకునేది ఆయన. బురదలో నిలబడి చేయించేది నేను.

అంతకుముందు ప్రవాహవేగాలు, మట్టిరకాలు చదువుకున్నానే గాని నార గురించి ఆలోచించింది లేదు. ఆ వేసవంతా అదే పని. దగ్గరలోని పీచు షెడ్డుకి వెళ్ళి, ఉప్పునీటి గుంటల్లో నానబెట్టిన కొబ్బరి డొక్కలు చూశాను. ఆ గుంటల దగ్గర ముక్కు మూసుకోకుండా నిలబడలేం. నెలల తరబడి నానినా పీచు మాత్రం గట్టిగానే ఉంటుంది. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం అందులో దండిగా ఉండటమే కారణం. నూలు మెత్తన, నీళ్ళు పీలుస్తుంది. గోనెనార ఎండలో బలంగా ఉన్నా తడిమట్టిలో తొందరగా చీకిపోతుంది. కొబ్బరి పీచు గరుకైనది, బట్టకు పనికిరాదు. తడిలో ఎక్కువకాలం నిలిచేది మాత్రం అదే.

గట్టుకి అందరికన్నా దగ్గరగా ఉన్న ఇల్లు సత్తెమ్మది. ఆమె భర్త నూకరాజు చేపల వేటకి వెళ్ళేవాడు. నది వెనకటేడు వాళ్ళ పెరట్లో సగం తీసుకుపోయింది. అప్పుడు వాళ్ళే గోనెసంచుల్లో ఇసక నింపి అడ్డం వేసుకున్నారు. వానలు వెనకపట్టేసరికి సంచులు చీకిపోయి ఇసక గోదాట్లో కలిసిపోయింది.

పీచువలల చుట్టలు దింపుతుంటే సత్తెమ్మ వచ్చి అడిగింది. “గోనెలు కుళ్ళిపోయినయ్యండి. ఇది మటుకు కుళ్ళదేంటండి?”

కుళ్ళుతుందనీ, కాకపోతే చాలా ఆలస్యంగా అనీ చెప్పాను. ఈలోగా గడ్డివేళ్ళు మట్టిని పట్టుకుంటాయన్నాను.

“కుళ్ళిపోయేదాన్ని తెచ్చి గోదారికి అడ్డమేత్తారా! రేపు మా ఇల్లు పోతే మీరు కట్టిత్తారా అమ్మగారూ?”

కట్టిస్తానని చెప్పే అధికారం నాకు లేదు. అదే చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, “నిజం సెప్పేరు, ఎయ్యండి” అని లోపలికి వెళ్ళిపోయింది.

వల పరిచి సరుగుడు మేకులు దిగగొట్టాం. ఎగువ చివరకి కావలసిన చుట్టలు ఇంకా రావలసి ఉంది. తడిసిన పీచు నుంచి దిగే గోధుమరంగు నీళ్ళకి నా చీరల అంచులన్నీ మరకలయ్యాయి. మధ్యాహ్నాలు సత్తెమ్మ అరుగు మీదే కూర్చుని క్యారేజీ విప్పేదాన్ని. ఆమె అడక్కుండానే ఎండురొయ్యల వేపుడు వేసేది. ఉద్యోగంలో అంత కమ్మగా తిన్న రోజులు తక్కువ.

గడ్డి జానెడు పెరగకముందే గోదారికి వరద ఎర్రనీరు వచ్చేసింది. ఉదయం వెళ్ళేసరికి గట్టు పాదం దగ్గర మేకులు వదులై, వల అడుగుకి నీరు దూరి ఉబ్బుతోంది. అంచు లేచిందంటే గడ్డితో సహా మట్టంతా కొట్టుకుపోతుంది. ఇసక బస్తాల లారీ నీళ్ళవల్ల దారిలోనే ఆగిపోయింది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారికి ఫోన్ చేస్తే, మనుషుల్ని గట్టు దింపవద్దని గట్టిగా చెప్పారు.

పాత నైలాన్ చేపల వలల్లో ఇటుకముక్కలు మూటలు కట్టి అంచు మీద పడేస్తే ఆగుతుందనిపించింది. కాని దిగకుండా పడేయడం ఎలా?

“పడవలోంచి ఏత్తాం,” అన్నాడు నూకరాజు.

అతని పడవకి రెండువైపులా మోకులు కట్టి, ఒడ్డున కొబ్బరిచెట్లకి బిగించారు. సత్తెమ్మా మరికొందరు ఆడవాళ్ళూ మోకు కొద్దికొద్దిగా వదులుతుంటే పడవ పీచువల అంచు పొడుగునా కదిలింది. ఎక్కడ వెయ్యాలో నేను పైనుంచి చెబుతున్నాను. ఒకసారి పడవ ఒరిగి నూకరాజు మోకాళ్ళ మీద పడ్డాడు. సత్తెమ్మ మోకు వదల్లేదు గాని, “ఇంక సాలు మావా, వొచ్చెయ్!” అని అరిచింది. అతను ఉన్న మూటలన్నీ వేసే వచ్చాడు.

వల నిలిచింది. ఇల్లు దక్కింది. చుట్టలు అందని ఎగువ చివర మాత్రం గట్టు విరిగి, వాళ్ళు చేపలు ఎండబెట్టుకునే కళ్ళం నదిలో పడిపోయింది. సత్తెమ్మ ఏడ్చింది. వరద తీశాక మొదట అక్కడే వల వేయించాను.

కొన్నేళ్ళకి, యానాం నుంచి బదిలీ అయ్యే ముందు మళ్ళీ వెళ్ళాను. పీచు పట్టుకుంటే వేళ్ళ మధ్య పొడైపోయింది. గడ్డి నడుమెత్తు ఉంది.

“సీకిపోయిందండి. మళ్ళీ ఎయ్యరా?” అంది సత్తెమ్మ.

అవసరం లేదని చెప్పి, ఒక గడ్డి దుబ్బు పీకి చూడమన్నాను. రెండు చేతులతో లాగింది. రాలేదు. నవ్వేసి, వేపుడు తిని వెళ్ళమంది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఏ నార, ఏ గుడ్డ వాడవలసి వచ్చినా, అది ఎన్నాళ్ళు ఉంటుందన్న ప్రశ్న ఒక్కటీ సరిపోదని నా కింది ఇంజనీర్లకి చెప్పాను. ఎప్పటిదాకా ఉండాలో ముందు తేల్చుకోవాలి. ఆ గడువు దాటాక అది పోతే నష్టమేమీ లేదు.