తేరకముందే నింపిన సీసాలు

మా అత్త పోయింది. మొన్న బుధవారం పొద్దున్నే పక్కింటామె పాలచెంబు తెచ్చి, పంచలో పడుకున్న మా అత్తను పిలిస్తే పలకలేదట. నేను లోపల బడికి పోవడానికి తల దువ్వుకుంటున్నాను. "టీచరమ్మా, మీ అత్త చెయ్యి సల్లగుండాది. ఒకతూరి ఈడికి రా" అన్నది పక్కింటామె. ఎప్పుడూ వీధి చివరికి వినపడేలా మాట్లాడే మనిషి అంత మెల్లగా పిలిచేసరికి నాకు అర్థమైపోయింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా అలాగే తిరిగానని తర్వాత ఎవరో చెప్పారు.

కోడుమూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆమెను చూసినవాళ్లు శానామంది ఉంటారు. పొట్టి మనిషి, నల్లని మనిషి, ఎడమకన్ను లేదు. ఆ కన్ను ఎట్లా పోయిందో కూడా వాళ్లు వినే ఉంటారు. దొర బంగళాలో బీరు కాస్తూ, తొందరపడి, సీసా పేలి పోగొట్టుకున్నదని. ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటున్న కథ అది. అందులో బంగళా నిజం, సీసా నిజం. తొందరపడింది మాత్రం ఆమె కాదు. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చుంటే, ముందు ఇదొక్కటి రాయకుండా చెయ్యి కదలడం లేదు.

నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి యూరోపులో మొదటి యుద్ధం జరుగుతోంది. మా వాగు మీద వంతెన కట్టించడానికి ఒక ఇంజనీరు దొర వచ్చి, ఊరి బయట బంగళాలో కాపురం పెట్టాడు. నా భర్త ఆ పనిలో మేస్త్రీ. మా అత్త బంగళాలో వంటమనిషి. నన్నూ గిన్నెలు కడగడానికి, బట్టలు మడవడానికి వెంట తీసుకుపోయేది. యుద్ధం మూలంగా ఓడల్లో సరుకు రావడం తగ్గింది. దొరకు వాళ్ల దేశపు బీరు దొరకకుండా పోయింది. దొరసాని ఒక పుస్తకం ముందు పెట్టుకుని, ఇంట్లోనే కాద్దామన్నది. పుస్తకం చదివింది దొరసాని. బీరు కాచింది మా అత్త.

బార్లీ గింజల్ని తడిగోనెలో మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, బరకగా విసిరి ఉడకబెట్టేది. ఆ నీళ్లు వడగట్టి, మద్రాసు నుంచి డబ్బాలో వచ్చే ఒక ఎండుపువ్వు వేసి మళ్లీ కాచేది. ఆ పువ్వు కొరికితే సాయంత్రం దాకా నోరు చేదు వదిలేది కాదు. పులియడానికి పుస్తకంలో చెప్పిన మందేదో ఈ సీమలో దొరకదు. మా అత్త ఎవరినీ అడగకుండా గ్లాసెడు ఈతకల్లు పోసింది. రెండోరోజుకు బాన లోపల గుసగుస మొదలైంది. దొరసాని బానకు చెవి ఆనించి విని నవ్వింది.

అసలు పని ఆ తర్వాత ఉండేది. పులిసిన బీరు, వాగుకు కొత్తనీళ్లు వచ్చినట్టు మడ్డిగా ఉండేది. అడుగు కదలకుండా పైపైన ఇంకో బానలోకి వంచి, చుట్టూ తడిగోనెలు చుట్టేది. వానాకాలంలో వాగునీళ్లు తేరడానికి మా ఆడవాళ్లు వాడే చిల్లగింజను సానరాయి మీద అరగదీసి, ఆ గంధం బానలో కలిపి మూతపెట్టేది. ఇక ఆ గదిలో ఎవరూ గట్టిగా అడుగువేయకూడదు. కొన్నాళ్లకు ఒక గ్లాసులో కాస్త ముంచి తెచ్చి, వాకిట్లో నిలబడి, గ్లాసులోంచి ఎదురుగా ఉన్న తుమ్మచెట్టును చూసేది. ముళ్లు విడివిడిగా కనపడితే సీసాలు కడగమనేది. కనపడకపోతే మారుమాట లేకుండా పోయి మళ్లీ మూతపెట్టేది.

"ఎన్ని దినాలు పడతాది అత్తా?" అని నేను ఒకసారి అడిగాను.

"నేనెట్ల చెప్పేది మే. మడ్డి ఉండాదంటే దాంట్లో ఇంకా పాణముండాదని. పాణమున్నదాన్ని సీసాలో పెట్టి బిరడా కొడితే ఊరికుంటాదా? నిన్ను పెడితే నువ్వుంటావా?"

అంత స్పష్టంగా చెప్పింది. తెలియక చేశానని అనుకునే వీలు కూడా నాకు లేదు.

మే నెల ఎండలు. ఆలూరు దగ్గర ఉన్న వాళ్ల చెల్లెలికి జబ్బు చేసిందని కబురొస్తే మా అత్త సోమవారం బయలుదేరింది. "నేనొచ్చేదాకా బాన ముట్టొద్దు" అని నాకు చెప్పి పోయింది. బుధవారం దొరసాని వచ్చింది. శనివారం పెద్దదొర భోజనానికి వస్తున్నాడని, బీరు అయిందా అని అడిగింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మిషను బడిలో చదువుకున్నదాన్ని. డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివితే దొరసాని మెచ్చుకునేది. ఆ మెప్పు రుచి మరిగాను. కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. శనివారానికి సీసాల్లో పెడతానన్నాను.

గ్లాసులో ముంచుకుని వాకిట్లోకి వెళ్లాను. చెట్టు ఉన్నట్టు కనపడింది, ముళ్లు కనపడలేదు. గ్లాసు మసకగా ఉందిలే అనుకున్నాను. నిజానికి అనుకోలేదు. అనుకున్నట్టు నాకు నేనే చెప్పుకున్నాను. గ్లాసు నేనే కడిగాను కదా, అది ఎంత శుభ్రంగా ఉందో నాకు తెలుసు. గురువారం రెండు డజన్ల సీసాలు నింపి, బిరడాలు కొట్టి, పురికొసతో కట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం మా అత్త వచ్చింది. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. నీళ్లన్నా తాగకుండా నేరుగా కొట్టుగదికి వచ్చింది. నేను కింద కూర్చుని, ఒక సీసా ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తున్నాను. ఆమె వరుసగా ఉన్న సీసాల వైపు చూసింది. బిరడాలు పైకి ఉబికి పురికొసలు బిగుసుకుపోయి ఉన్నాయి.

"కింద పెట్టు" అన్నది.

"దొరసానమ్మ అడిగింది అత్తా..." అంటూ నేను లేవబోయాను.

ఇంకోమాట చెప్పనీయలేదు. వంగి, నా ఒళ్లోంచి సీసా లాక్కుని, గోడవైపు తిరిగింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. గదంతా నురగ. ఆమె గోడకు ఆనుకుని, కొంగు ముఖానికి అదుముకుని నిలబడింది. "బయటికి పో. తక్కినవి గూడా పేల్తాయి" అన్నది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

దొరసాని పరుగెత్తుకొచ్చి, ఎవరు నింపారని అడిగింది. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు మా అత్త, "నేనే తల్లీ. పోకముందే నింపిపెట్టినా. తొందరపడితి" అన్నది. అది అబద్ధమని దొరసానికి తెలుసు. బుధవారం నాతో మాట్లాడింది ఆమే కదా. అయినా నావైపు ఒకసారి చూసి ఊరుకుంది. బండి కట్టించి ఆసుపత్రికి పంపించింది. అక్కడ కన్ను తీసేశారు.

ఆసుపత్రిలో మంచం పక్కన నేను ఏడుస్తుంటే మా అత్త నా మణికట్టు పట్టుకుంది. "ఇను. నా మీదైతే ముసల్ది ఏమో చేసుకున్నది అంటారు, మర్చిపోతారు. నీ మీద పడితే అత్త కన్ను తీసిన కోడలంటారు. పిల్లలు పుట్టినా అంటారు, మనవలు పుట్టినా అంటారు. నోరు మూసుకోనుండు." అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు కూడా ఉండవు.

ఊరు మర్చిపోతుందన్న లెక్క మాత్రం తప్పింది. మా మిషను గుడిలో అప్పుడున్న ఉపదేశి, మత్తుపానీయం కాచిన చేతికి దేవుడు శిక్ష వేశాడని ప్రసంగం చేశాడు. ఏడాదిపాటు ఆమెకు ప్రభుభోజనపు రొట్టె ఇవ్వకూడదని పెద్దలు తీర్మానించారు. బీరు కాస్తున్నన్ని రోజులూ వాళ్లకు తెలియని సంగతి కాదది. ఏడాదంతా ఆమె అందరికీ వెనక చాపమీద కూర్చుంది. నేను ముందుకు పోయి మోకాళ్లూని రొట్టె తీసుకున్నాను. నోట్లో ఇసుక నమిలినట్టుండేది. అయినా మింగాను. ప్రతిసారీ మింగాను.

దారిలో ఒకరోజు, "నిజంగా దేవుడే చేసినాడా అత్తా?" అని అడిగాను. ఏదో ఒకటి అననీ, నన్ను తిట్టనీ అని అడిగాను. "దేవునికి అంత తీరిక యాడుండాది మే. వాన సంగతే చూసుకోలేకుండాడు" అన్నది. అంతే. తిట్టలేదు.

గాయం మానాక మళ్లీ బంగళాకు పోయింది. వంతెన పూర్తయ్యేదాకా రెండేళ్లు బీరు కాచింది. నేను ఆ గది గడప తొక్కనని భీష్మించుకున్నాను. మొదటి బాన తేరే రోజు వచ్చేసరికి ఆమె గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు ఒంటికన్ను. నువ్వు చూడు."

"నేను చూడను అత్తా."

"చూడు."

గ్లాసు పైకెత్తి తుమ్మచెట్టు వైపు పట్టాను. "తేరలేదు" అన్నాను.

"తేరకపోతే ఆగుదాం" అని గ్లాసు తీసుకుపోయింది. ఆ తర్వాత ఆ రెండేళ్లూ నేనే చూశాను. నేను తేరిందన్న రోజున ఆమె మళ్లీ చూసుకోలేదు. నా జీవితంలో ఇంత పెద్ద బహుమానం ఇంకెవరూ ఇవ్వలేదు. ఆనాడు మాత్రం అది శిక్షే అనుకున్నాను.

దొర వెళ్లిపోయాక కూలిపనికి పోయింది. నా భర్త విషజ్వరంతో పోయినప్పుడు నా ఒళ్లో రెండేళ్ల కూతురు. పుట్టింటికి పోతానేమో అనుకున్నారు అందరూ. మా అత్త నన్ను కడపకు టీచరు ట్రైనింగుకు పంపి, పిల్లను తన దగ్గర ఉంచుకుని వేరుశనగ చేలల్లో కాయ ఒలిచింది. కన్ను లేని వైపు ఏముందో తెలియక గుమ్మాలకు భుజం కొట్టుకునేది. చెంబులో నీళ్లు పోసేటప్పుడు అంచున వేలు పెట్టుకుని, వేలు తడిసినాక ఆపేది. సూదికి దారం నాలుకతో ఎక్కించేది. ఎవరన్నా ఒంటికన్నుదని ఎగతాళి చేస్తే, "సగమే కనపడతావు, సగం కోపమే వస్తాది. బతికిపోతివి" అనేది. అందరూ నవ్వేవారు. నేను ఎప్పుడూ నవ్వలేకపోయాను.

గుడిలో లేచి నిజం చెప్తానని ఎన్నోసార్లు అడిగాను. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అడిగాను. కూతురి పెళ్లయ్యాక అడిగాను. "నేను పోయినాక చెప్పుకో. నా చెవిన పడకుండా" అనేది. ఆమె వద్దన్నదని ఆగిపోయానా, వద్దంటే చాలని ఆగిపోయానా, ఇప్పటికీ నాకు తెలియదు.

మొన్న సమాధి దగ్గర ఆనాటి పెద్దల్లో మిగిలిన ఒక ముసలాయన, కర్ర ఊతంతో నిలబడి, నాలుగు మంచి మాటలే చెప్పాడు. చివర్లో, "పాపం, ఆ పాడుపనిలో కన్ను పోగొట్టుకున్నా బుద్ధి తెచ్చుకుని బతికింది" అన్నాడు.

"ఆ సీసాలు నింపింది నేను పెద్దాయనా" అన్నాను. "నా ఒళ్లో పేలాల్సింది ఆమె లాక్కునింది. ఏడాది వెనక కూర్చోవాల్సింది నేను."

నా కూతురు నా మోచెయ్యి పట్టుకుంది. తను కూడా ఈ సంగతి ఆరోజే విన్నది. ముసలాయన, "ఇప్పుడు చెప్తాండావామ్మా" అన్నాడు. కోపంగా కాదు, జాలిగా. పారలు పట్టుకున్నవాళ్లు మేమేమైనా ఇంకా మాట్లాడతామేమోనని ఆగారు. తర్వాత మట్టి వేయడం మొదలుపెట్టారు.

చెప్తే గుండె బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. వినాల్సినవాళ్లు చాలామంది ఆమెకంటే ముందే పోయారు. వెనక చాపమీద కూర్చున్న ఆ ఏడాదిని ఎవరూ ఆమెకు తిరిగి ఇవ్వలేరు.

మంగళవారం సాయంత్రం ఒక్కటే నాకు పదేపదే కనపడుతోంది. బడి నుంచి వచ్చి, పంచలో ఆమె మంచం మీద కుడివైపు కూర్చున్నాను, నన్ను చూడగలిగే వైపు. నుదుటిమీద చెయ్యి వేశాను. "ఆ పక్కకు కూర్చో మే. వీధి కనపడనీ" అన్నది. నేను లేచి ఎడమవైపుకు పోయి కూర్చున్నాను. వీధిలో మేకలు ఇంటికి మళ్లుతున్నాయి. వాటి వెనక దుమ్ము ఎర్రగా లేస్తోంది. ఆమె ఆ దుమ్మునే చూస్తూ పడుకుంది. కొంచెం సేపటికి ఆమె ఎడమచెయ్యి మంచం పట్టె మీద మెల్లగా తడుముకుంటూ కదిలింది. నేనెక్కడ కూర్చున్నానో ఆమెకు కనపడదు. నా చెయ్యి తీసుకుపోయి దాని కింద పెట్టాను.