ముసురులో రెండు చుట్టలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చుట్టల డబ్బాకు కాలాన్ని బట్టి చోటు మారేది. ఎండలు ముదిరితే నానమ్మ ఆ రేకు డబ్బాను తడిగుడ్డలో చుట్టి, మంచినీళ్ల కడవ కింద పోసిన ఇసుకలో సగం దాకా పాతిపెట్టేది. వానలు మొదలైతే అక్కణ్ణుంచి తీసి పొయ్యి పైన ఉన్న గూట్లో పెట్టేది. పొయ్యి సెగకు డబ్బా ఎప్పుడు ముట్టుకున్నా గోరువెచ్చగా ఉండేది. అందులో మా తాతయ్య తాగే చుట్టలు ఉండేవి. నానమ్మ ఏనాడూ చుట్ట నోట పెట్టలేదు కానీ, ఒక చుట్టను వేళ్లతో నొక్కి చూసి అది తాగడానికి వచ్చిందో లేదో చెప్పగలిగేది.

తాతయ్యకు ఇంటి లోపల తాగే అలవాటు లేదు. పొలంలోనో, వాకిట్లో నాపరాతి అరుగు మీదో, ఎప్పుడూ ఆరుబయటే. అందుకే ఆయన చుట్ట మీద ఎండా వానా రెండూ పని చేసేవి. వేసవిలో చుట్ట పెళుసెక్కేది. పై ఆకు పగిలి, నిప్పు గడ్డికి అంటుకున్నట్టు వెనక్కి పాకేది. పొగ వేడిగా వచ్చి గొంతులో మండేదట. గబగబా నాలుగు దమ్ములు లాగితే తల తిరిగేదట. ముసురు పట్టిన రోజుల్లో వేరే తంటా. గాలిలో తడి పీల్చుకొని చుట్ట మెత్తబడేది. నిప్పు ఒక పక్కనే అంటుకొని రెండో పక్క పచ్చిగా మిగిలేది. కాసేపు మాటల్లో పడి మరిచిపోతే ఆరిపోయేది. ఆరింది కదా అని గట్టిగా లాగితే చేదు నీరు నోట్లోకి వచ్చేది. దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, చిన్న చిన్న దమ్ములతో, ఓపికగా కాల్చాలి. ఈ సంగతులన్నీ నాకు తాతయ్య పక్కన అరుగు మీద కూర్చొని తెలిసినవే. ఆ చుట్టలే చివరికి ఆయన ఊపిరిని తినేశాయి. అది తర్వాతి మాట.

మా ఊరు తాండూరుకు కొంత దూరంలో ఉండేది. నాపరాయి తవ్వే నేల. ఇంటి గోడలు మట్టివే అయినా వాకిలంతా బండలే పరిచి ఉండేవి. మా ఇంటిని ఆనుకొని తాతయ్య తమ్ముడి ఇల్లు ఉండేది. ఆయన్ని నేను చిన్నతాత అనేదాన్ని. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇంటి నడుమ ఒక మట్టి గోడ లేచింది. పొలం పంచుకున్నారు. బావిని మాత్రం పంచుకోవడం కుదరలేదు. ఇద్దరూ వంతులవారీగా ఎడ్లతో మోట కట్టి నీళ్లు తోడుకునేవారు. చిన్నతాత మనవరాలు నాకన్నా ఏడాది పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. బడికి కలిసే పోయేవాళ్లం, కలిసే తినేవాళ్లం. గోడకు ఆ పక్క తను, ఈ పక్క నేను పడుకొని, నిద్ర పట్టేదాకా గోడను తట్టుకుంటూ ఉండేవాళ్లం.

ఒక వేసవిలో బావి అడుగంటింది. ఉన్న కాసిన్ని నీళ్లు రెండు వంగతోటలకు సరిపోవడం లేదు. వంతు నాదంటే నాదని అన్నదమ్ముల మధ్య మాట మొదలైంది. ఒక మధ్యాహ్నం నేనూ నానమ్మా సద్ది తీసుకొని బావి దగ్గరికి పోయేసరికి ఇద్దరూ చింతచెట్టు కింద ఎదురెదురుగా కూర్చొని ఉన్నారు. చెట్టు నీడ కూడా సెగలు కక్కుతోంది. తాతయ్య పొద్దుటి నుంచి తలరుమాలులో చెక్కుకున్న చుట్టల్లో ఒకటి తాను తీసుకొని, ఒకటి తమ్ముడికిచ్చాడు. అంతవరకు మర్యాదగానే ఉన్నారు. ఎండిన చుట్టలు చిటపటలాడుతూ కాలాయి. వాటిలాగే మాట కూడా పెరిగింది.

"నీ తోట పచ్చగుంటె చాలు నీకు. నాది మాడిపోయినా ఫికర్ లేదు," అన్నాడు చిన్నతాత.

"పెద్దోనితోని గిట్లనే మాట్లాడ్తరా?" అన్నాడు తాతయ్య.

"పెద్దోనివి పెద్దోని లెక్క ఉంటివా?"

చుట్ట అప్పటికే వేలి దాకా కాలింది. చిన్నతాత దాన్ని నేలకు కొట్టి, చెప్పుతో నలిపి లేచాడు. "ఇగ నీ వాకిట్ల కాలు పెట్ట," అన్నాడు. "పెట్టకు," అన్నాడు తాతయ్య. నానమ్మ సద్దిగిన్నె చేతిలో పట్టుకొని నిలబడే ఉంది. ఆమె ఏదో అనేలోపే అయిపోయింది.

ఆ తర్వాత ఒకరిని ఒకరు మోట కట్టనియ్యలేదు. ఒకరు ఎడ్లను తోలుకొస్తే రెండోవారు అడ్డం నిలబడేవారు. ఉన్న ఆ కొద్ది నీళ్లు బావిలోనే నిలిచిపోయాయి. రెండు తోటలూ ఎండిపోయాయి. అక్కను మా ఇంటికి రానియ్యలేదు. నన్ను వాళ్లింటికి పంపలేదు. బడి తెరిచాక తను వాళ్లమ్మతో ముందు పోయేది, నేను వెనక పోయేదాన్ని. ఒకసారి తను వెనక్కి తిరిగి చూస్తే వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగింది. రాత్రి గోడ తడితే అవతలి నుంచి చప్పుడు రాలేదు. తను పడుకునే చోటు మార్చారేమో అనుకున్నాను. తనకే ఇష్టం లేదేమో అని కూడా అనుకున్నాను. ఆ రెండో ఆలోచన వచ్చిన రోజు అన్నం తినలేదు.

ఆషాఢంలో ముసురు పట్టింది. వాన గట్టిగా కురవదు, ఆగదు. నడిమి గోడ తడిసి తడిసి చిన్నతాత ఇంటి వైపు ఒరిగింది. నానమ్మ దాన్ని చేత్తో తడిమి చూసింది. ఆ పొద్దున్నే నేను ఇంకో వింత గమనించాను. చుట్టల డబ్బా పొయ్యి మీది గూట్లో లేదు. కడవ పక్కన తడి ఇసుకలో ఉంది. పైగా మూత తీసి ఉంది.

"నానమ్మా, చుట్టలు నానిపోతయ్," అన్నాను.

"నాననియ్ బిడ్డా. నువ్వేమనకు," అంది.

తర్వాత కొంగు నెత్తిన కప్పుకొని చిన్నతాత వాకిలి దాకా పోయింది. నేను వెనకే పోయాను. ఆమె గుమ్మం ఎక్కకుండా వానలోనే నిలబడి మాట్లాడింది. "గోడ మీ దిక్కు ఒరిగింది నాయనా. పిల్లలు పండుకునే తావు. ఒకపారి వచ్చి సూడు," అంది.

"సూస్త వదినె. ఇంట్లకైతే రాను," అన్నాడు చిన్నతాత.

"రాకు. పంచల్ల కూసో."

ఆయన వచ్చాడు. గోడను రెండు వైపులా చూశాడు. అప్పటికి తాతయ్య పంచలో కూర్చొని ఉన్నాడు. చిన్నతాత పంచకు అటు చివర, వాన జల్లు తగిలే చోట గొంతుక్కూర్చున్నాడు. నానమ్మ డబ్బా తెచ్చి ఇద్దరికీ నడుమ పెట్టి లోపలికి పోయింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

తాతయ్య ఒక చుట్ట తీసి వేళ్లతో నొక్కాడు. తల తిప్పి వంటింటి వైపు చూశాడు. ఇక నానమ్మను కేకేస్తాడనుకున్నాను. ఆయన కేకెయ్యలేదు. ఇంకో చుట్ట తీసి, తమ్ముడి మొహం చూడకుండా చెయ్యి చాచాడు. చిన్నతాత అందుకున్నాడు. ఆయన కూడా నొక్కి చూశాడు. కాసేపు దాన్నే చూస్తూ ఉండి నోట పెట్టుకున్నాడు.

అగ్గిపుల్లలు గీస్తే మందు రాలిపోయింది గానీ అంటుకోలేదు. లోపల్నుంచి నానమ్మ నన్ను పిలిచి, పెంకు మీద ఒక నిప్పు కణిక పెట్టి ఇచ్చింది. తెచ్చి వాళ్ల మధ్య పెట్టాను. ఒక్కటే నిప్పు. చిన్నతాత జల్లులోంచి ఇవతలికి జరగాల్సి వచ్చింది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు దాని మీదికి వంగారు.

అంటుకున్నట్టే అంటుకొని ఆరిపోయాయి. మళ్లీ వంగారు. మాట్లాడదామని నోరు తెరిస్తే చుట్ట ఆరుతుంది. చుట్ట చూసుకుంటుంటే మాట ఆగుతుంది.

"ఆరింది," అన్నాడు చిన్నతాత.

"మెల్లగ గుంజు."

"గుంజుతనే ఉన్న."

కొంతసేపయ్యాక తాతయ్య గోడ వైపు చూపించి, "పునాది కాడ మట్టి కొట్కపోయింది. బండలు ఆనిస్తె నిలుస్తది," అన్నాడు.

"బండలు నా కాడ ఉన్నయ్."

మళ్లీ పొగ. మళ్లీ ఆరిపోవడం. పెంకు మీద నిప్పు నల్లబడితే నేను ఇంకోటి తెచ్చాను. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య వాన చప్పుడే ఎక్కువ. గోడ మాట అయ్యాక బావి మాట వచ్చింది. ఎవరి వంతు అని ఎవరూ ఎత్తలేదు. పూడిక తీస్తే వచ్చే ఎండలకు ఇంత కరువు ఉండదని తాతయ్య అన్నాడు. ఇద్దరం కలిసి తీద్దామని చిన్నతాత అన్నాడు. అప్పుడు ఆయన చుట్ట ఇంకోసారి ఆరింది. దాన్ని నోట్లోంచి తీసి, దాని కొన చూస్తూ, "ఆ దినం నేను జర ఎక్కువనే మాట్లాడిన అన్నా," అన్నాడు.

తాతయ్య తన చుట్టను గట్టిగా ఒక దమ్ము లాగి, ఎర్రగా రాజుకున్నాక, ముందుకు వంగి తమ్ముడి చుట్టకు ఆనించాడు. అది అంటుకునేదాకా అలాగే పట్టుకొని ఉన్నాడు.

మర్నాడు ఇద్దరూ కలిసి గోడకు బండలు ఆనించారు. ఎండిపోయిన తోటలు తిరిగి రాలేదు. ఆ అన్నదమ్ములు ఆ తర్వాత పోట్లాడుకోలేదని కూడా చెప్పను. పోట్లాడుకున్నారు. కానీ మోటకు అడ్డం నిలబడటం మళ్లీ జరగలేదు. ఇక అక్క మాటకొస్తే, గోడకు బండలు ఆనించిన సాయంత్రమే తానే మా వాకిట్లోకి వచ్చింది. పడుకునే చోటు వాళ్లమ్మ మార్చిందని చెప్పింది. నేను అడగకముందే చెప్పింది.

చాలా ఏళ్లు నేను దీన్ని నానమ్మ తెలివిగానే తలుచుకున్నాను. ఇద్దరు పెద్ద మగవాళ్లను తడి చుట్టలతో బోల్తా కొట్టించిందని లోలోపల మురిసేదాన్ని. నాకు పెళ్లై వికారాబాద్ వచ్చాక, నానమ్మ పోయిన తర్వాత, ఒకసారి పుట్టింటికి పోయినప్పుడు తాతయ్యకు ఆ రహస్యం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతాడని అనుకున్నాను.

"చెయ్యి పెట్టంగనే ఎరుకైంది బిడ్డా," అన్నాడు. "ఇన్నేండ్ల సంది తాగుతున్న. తడి చుట్ట ఎరుక కాదా?"

"మరి ఎందుకు ఊకున్నవ్?"

"ఎండినయి తెమ్మంటె తెస్తుండె. జల్ది కాలుతుండె. వాడు లేచి పోతుండె."

"చిన్నతాతకు?"

"వానికి ఎరుక లేకుంటదా? నాకంటె ఎక్కువ తాగుతడు."

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చొని దాని గురించే ఆలోచించాను. అన్నదమ్ములిద్దరికీ కాసేపు కలిసి కూర్చోవాలని ఉంది. ఆ మాట పైకి అనడం ఇద్దరికీ చేత కాలేదు. కూర్చోవడానికి నానమ్మ వాళ్లకొక సాకు చూపింది. అది సాకేనని తెలిసే ఇద్దరూ పట్టుకున్నారు. ఆమెకు కూడా వాళ్లకు తెలుస్తుందని తెలిసే ఉంటుంది. తెలిస్తే మాత్రం ఏమిటని అనుకొని ఉంటుంది.

నా దగ్గర ఆ రోజు నుంచి మిగిలింది ఇదే. ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లకు నేను బుద్ధులు చెప్పను. త్వరగా తెమలని పని ఏదో ఒకటి వాళ్ల చేతుల్లో పెడతాను. మొన్నటి చలికాలంలో నా బిడ్డా అల్లుడూ ఆదివారం పూట వచ్చారు. ఒకరు ముందు గదిలో, ఒకరు వెనక గదిలో ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. నేను పచ్చి కందికాయలు చాటలో పోసి తెచ్చి, "గుగ్గిళ్లు చేస్త. జర ఇద్దరు ఒలిచియ్యండ్రి," అని ఇద్దర్నీ ఒక చోటికి పిలిచాను.

"ఒలిచినయే దొర్కుతయ్ గదమ్మా బజార్ల," అంది నా బిడ్డ.

"గవి బాగుండయ్," అన్నాను.

తను నా మొహంలోకి కాసేపు చూసింది. అల్లుడు చాటను తన వైపు కొంచెం జరుపుకొని, కూర్చోవడానికి నా బిడ్డకు చోటిచ్చాడు. నేను వంటింట్లోకి పోయాను. అక్కడ నాకు పనేమీ లేదు. అయినా చాలాసేపు బయటికి రాలేదు.