విశ్వేశ్వరరావు గారి గోధుమ బీరు

మొన్న మా అబ్బాయి కిరణ్ వంటింట్లో ధనియాలు దంచుతున్నాడు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో బీరు కోసం మొలకెత్తించిన గోధుమ మాల్ట్ మరుగుతోంది. అందులో ధనియాలు, ఎండిన నారింజ తొక్కలు వేయగానే లేచిన ఆవిరి హాలు దాటి నా గదిలోకి వచ్చింది. చారు వాసనలా మొదలై, మధ్యలో ఎటో మళ్లి తియ్యగా ముగిసే వాసన అది. చదువుతున్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో అప్పటి మా పక్కింటి బేస్‌మెంట్, అందులో పెద్ద గరిటె పట్టుకుని నిలబడ్డ విశ్వేశ్వరరావు గారు కనిపించారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఎనభైల మొదట్లో మాట. మిషిగన్‌లో కార్ల కంపెనీలు గుంపులు గుంపులుగా మనుషుల్ని ఇంటికి పంపేస్తున్న కాలం. విశ్వేశ్వరరావు గారు కార్ల రంగులు తయారుచేసే విభాగంలో కెమిస్టు. నలభై దాటాక ఉద్యోగం పోయింది. ఆయన భార్య సరళ గారు పిల్లల డాక్టరు. ఆవిడ పొద్దున్నే హాస్పిటల్‌కి వెళ్లిపోతే ఈయన వంట చేసి, పచ్చిక కోసి, అప్లికేషన్లు పంపి, మిగిలిన సమయంలో బేస్‌మెంట్‌లో బీరు కాచేవారు. ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుని అప్పటికి ఎంతో కాలం కాలేదు. మన తెలుగువాళ్లలో గుసగుసలు ఉండేవి. పెళ్లాం సంపాదిస్తుంటే మొగుడు కూర్చుని తాగుతున్నాడని. నిజానికి ఆయన తాగేది అర గ్లాసు. రుచి చూసి, తల పంకించి, మిగతాది ఎవరికైనా పోసేవారు.

నేను పెళ్లి చేసుకుని అక్కడికి వెళ్లిన కొత్త. మా వారు మురళి ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రం దాకా నాకు మాట్లాడే మనిషి ఉండేది కాదు. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఒకరోజు సరళ గారి గిన్నె తిరిగివ్వడానికి వెళ్తే ఆయన కిందనుంచే పిలిచారు.

“ఏమ్మా పద్మా, నువ్వేం చదువుకున్నావు?”

“ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, అన్నయ్యగారూ.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“ఎవరూ అడగలేదండీ.”

ఆయన గరిటె పక్కన పెట్టి స్టూలు లాగారు. “కూర్చో. నాకో ప్రాబ్లమ్ ఉంది. సమ్మర్‌కి ఏ బీర్ చేయాలో డిసైడ్ చేసుకోలేకపోతున్నా. లాగర్ చేద్దామంటే చల్లదనం కావాలి, ఈ బేస్‌మెంట్ జూన్‌కే వేడెక్కిపోతుంది. నల్ల బీర్ చలికాలానికి బావుంటుంది. ఎండలో లాన్ కోసి వచ్చినవాడికి ఏం కావాలి, నువ్వే చెప్పు?”

“మజ్జిగ,” అన్నాను, ఆలోచించకుండా.

ఆయన బేస్‌మెంట్ అదిరేలా నవ్వారు. “అదేనమ్మా! మజ్జిగలాంటి బీర్ కావాలి. తేలిగ్గా, కాస్త పుల్లగా, ఒక గ్లాసు తాగితే మళ్లీ తాపీగా పని చేసుకునేలా ఉండాలి.”

ఆయనతో పనిచేసిన ఒక బెల్జియం ముసలాయన తన ఊరి గోధుమ బీరు సీసా ఒకటి ఇచ్చాడట. అందులో ధనియాలు, నారింజ తొక్కలు వేస్తారట. సీసా అడుగున తెల్లటి మడ్డి. “ఇది బీరుని పులియబెట్టే ఈస్ట్. బతికే ఉందనుకుంటా. దీన్ని పెంచగలవా?” అని అడిగారు.

ఆ రాత్రి మురళి, “ఎందుకొచ్చిన గొడవ,” అన్నాడు గానీ, నాకు ఒళ్లంతా హుషారుగా ఉంది. సీసాల్లో క్రిములు చంపడానికి ప్రెషర్ కుక్కరే నా ఆటోక్లేవ్. సరళ గారు పోగుచేసిన పసిపిల్లల ఆహారం సీసాలే నేను ఈస్ట్ పెంచే ప్లేట్లు. ఈస్ట్ మొలవడానికి కావలసిన జెల్లీ, అగర్, చైనా కొట్లో దొరికింది. కొన్నాళ్లకి ఆ సీసాల్లో ఆవగింజల్లా తెల్లటి చుక్కలు మొలిచాయి. చూపిస్తే విశ్వేశ్వరరావు గారు కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. అప్పటినుంచి ఎవరొచ్చినా, “ఈవిడ మా మైక్రోబయాలజిస్టు,” అని పరిచయం చేసేవారు. అమెరికాలో నన్ను ‘మురళి మిసెస్’ అనకుండా పరిచయం చేసిన మొదటి మనిషి ఆయన.

బీరు కుదిరింది. మబ్బు పట్టిన నిమ్మరసం రంగు, పైన తెల్లటి నురగ. అంతకుముందు నేను బీరు ముట్టలేదు. రెండు గుక్కలు తాగి, నాలుక మీద ధనియాలు తగిలితే ఏదో గెలిచినట్టు నవ్వాను. జూలై పిక్నిక్‌కి తెలుగువాళ్లందరికీ పోద్దామని సీసాలన్నీ గోడవారగా పేర్చారు.

ఆ సీసాల కోసం రోజూ వచ్చేవాడు చలపతి. అదే కంపెనీలో పనిచేసి, అదే వారం ఉద్యోగం పోగొట్టుకున్న స్నేహితుడు. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఏరా అంటే ఏరా అనుకునే చనువు. ఒక గ్లాసుతో మొదలై మెల్లగా నాలుగైదుకి చేరింది. ఉద్యోగం పోయిన స్నేహితుడి దుఃఖం తెలుసు గనక విశ్వేశ్వరరావు గారు ఏమీ అనలేకపోయేవారు.

ఒక మధ్యాహ్నం చలపతి తన కూతురు స్వప్నని వెంటబెట్టుకొచ్చాడు. తండ్రి బాత్రూమ్‌లో ఉండగా ఆ పిల్ల కూల్‌డ్రింక్ తాగుతూ మామూలుగా చెప్పింది: “అంకుల్, నిన్న డాడీ రెడ్ లైట్ దగ్గర స్లీప్ అయిపోయాడు. కార్‌లో. బ్యాక్ ఉన్న కార్స్ అన్నీ హారన్ చేసాయి. నేను డాడీని షేక్ చేసా.”

విశ్వేశ్వరరావు గారు వెళ్లి మెట్లకి అడ్డంగా నిలబడ్డారు. చలపతి బయటికి రాగానే చెయ్యి చాపారు.

“కీస్ ఇలా ఇవ్వు.”

“ఎందుకురా? నేను బానే ఉన్నా.”

“ఇవ్వు. నేను డ్రైవ్ చేస్తా.”

“ఇంట్లో కాచి పోసేది నువ్వు, నీతులు చెప్పేదీ నువ్వేనా?”

ఆయన చాపిన చెయ్యి తీయలేదు. చివరికి చలపతి తాళాలు ఆయన చేతిలో పడేశాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి ఆయన బేస్‌మెంట్ సింకు ముందు నిలబడి ఒక్కొక్క సీసా మూత తీసి ఒంపేస్తున్నారు. ఆ నురగ చూస్తే నాకు ఏడుపొచ్చింది. నేను అమెరికాలో చేసిన ఒకే ఒక్క పని అలా గొట్టంలోకి పోతోంది.

“ఆయనకి పోయడం మానేస్తే చాలదా?” అన్నాను కోపంగా.

“ఇక్కడ ఉంటే వాడొస్తాడు. ఉన్నదాన్ని లేదని చెప్పాలి నేను. ఇప్పుడు వాడికి కావలసింది అబద్ధాలాడే ఫ్రెండ్ కాదమ్మా.” ఇంకో సీసా వంచారు. “నీ కష్టం పారబోస్తున్నానని తెలుసు. కానీ నువ్వు నేర్చుకున్నది నా సింకులో పోదు.”

చలపతి నెలల తరబడి ఆయనతో మాట్లాడలేదు. తాగుడు మాన్పించడానికి సరళ గారు అతన్ని తనకు తెలిసిన డాక్టరుకి చూపించారు. వారం వారం ట్రీట్‌మెంట్‌కి విశ్వేశ్వరరావు గారే కారులో తీసుకెళ్లేవారు. దారంతా ఇద్దరి మధ్యా మాటల్లేవట. ఒకరోజు చలపతి రేడియో పెట్టి, “ఈ పాటేదో బావుందిరా,” అన్నాడట. ఆ సంగతి మాకు చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నారు. పడుతూ లేస్తూ చలపతి నిలదొక్కుకున్నాడు. ఒహాయోలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. విశ్వేశ్వరరావు గారికి పాత ఉద్యోగమంత మంచిది మళ్లీ రాలేదు. ఒక కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకున్నారు. నాకు గ్రీన్ కార్డ్ రాగానే, అక్కడ తనకు పరిచయమైన ఒక ల్యాబ్ మేనేజర్ దగ్గరికి నన్ను స్వయంగా తీసుకెళ్లి, కుక్కర్‌లో ఈస్ట్ పెంచిన సంగతి నాకంటే ముందు ఆయనే చెప్పేశారు. ఆ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాకా ఆ రంగంలోనే ఉన్నాను.

ఇప్పుడు ప్రతి వేసవికీ కిరణ్ అడుగుతాడు, ఈసారి ఏ బీర్ చేద్దామమ్మా అని. నేను ముందు ఎవరెవరు వస్తున్నారో అడుగుతాను. కిందటేడు వాడు చెప్పిన పేర్లలో, తాగుడు మానుకుని ఆరు నెలలైన ఒక స్నేహితుడు ఉన్నాడు. ఆ వేసవి మా ఇంట్లో అల్లం, నిమ్మకాయ, పుదీనా వేసి షర్బత్ చేశాం. వచ్చినవాళ్లందరూ ఎండలో కూర్చుని అదే తాగారు. బీరు ఏదని ఎవరూ అడగలేదు.